తీరాన దొరికిన తాబేలు డిప్ప ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మాది భావనపాడు దగ్గర పల్లె. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడు. తీరంలో చచ్చి పడున్న తాబేలు డిప్పను కాలేజీ మ్యూజియానికి ఇస్తానని తెచ్చి డాబా మీద ఎండబెట్టింది. వలల్లో పడిన సీ హార్స్‌లను ఫార్మలిన్ సీసాలో వేసి పెట్టింది. ఫారెస్టోళ్లు కేసు పెడతారని పక్కింటాయన బెదరగొడుతున్నాడు. చదువు కోసమే కదండీ? అసలీ లైనులో ఉద్యోగాలున్నాయా?

జవాబు: అయ్యా, మీ పక్కింటాయన ఉత్తినే బెదరగొట్టడం లేదు. మీ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడమే కాదు, గూడు కదిపినా, గుడ్లు తీసినా వేట కిందే లెక్క. చచ్చి దొరికినదైతే ప్రభుత్వ ఆస్తి. చేతికొచ్చిన 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌లోనో, అటవీ అధికారి దగ్గరో చెప్పాలి. సీ హార్స్‌లూ రక్షిత జాబితాలోవే. గడువు దాటిపోయిందని అటకెక్కించకండి, రాత్రికి రాత్రి సముద్రంలో పారేయకండి. ఎక్కడ, ఏ రోజు దొరికిందో ఉన్నదున్నట్టు రాసి, ప్రిన్సిపాల్‌కు చెప్పి, కాలేజీ లేఖతో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అప్పగించండి.

మా రోజుల్లో మైనపు ట్రేలో కప్పను పరిచి పిన్నులు గుచ్చేవాళ్లం, పర్మిట్ అన్న మాటే వినలేదు. 2011లో యూజీసీ ఇలా జంతువులను కోసి చూసే డిసెక్షన్లు తగ్గించమంది. కాలేజీ అల్మరాల్లో పాత సీసాలు మాత్రం ఇంకా కనిపిస్తుంటాయి. మీ అమ్మాయి వాటిని చూసే సరదా పడి ఉంటుంది. ఆమెను తిట్టకండి.

చదువు కోసం చట్టంలో దారి ఉంది, 12వ సెక్షన్. విద్య, పరిశోధన, మ్యూజియం నమూనాల కోసం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి వార్డెన్ రాతపూర్వకంగా అనుమతిస్తారు. మొదటి షెడ్యూలు జంతువైతే ముందు కేంద్రం ఒప్పుకోవాలి. అభయారణ్యంలో అడుగుపెట్టి చదవాలంటే 28వ సెక్షన్ కింద ఇంకో అనుమతి. దరఖాస్తులో ఏ జాతి, ఎన్ని, ఎక్కడ, ఎలా పట్టుకుంటారు, పని అయ్యాక వాటినేం చేస్తారు అన్నవన్నీ విడమర్చి రాయాలి. అది సంస్థ ద్వారా, గైడు సంతకంతో వెళ్లాలి. డిగ్రీ పిల్ల సొంతంగా పెడితే ముందుకు కదలదు. నెలలు పట్టొచ్చు కాబట్టి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు సీజన్ మొదలయ్యాక పరిగెత్తితే ఆ ఏడాది పోయినట్టే.

నిజానికి ఈ దరఖాస్తు బాగా రాయడం వచ్చిన కుర్రాళ్లు తక్కువ. సర్వే ప్రాజెక్టుల్లో వాళ్ల విలువ తెలుస్తుంది. అమ్మాయికి ఇప్పట్నుంచే నోటుబుక్కు అలవాటు చేయించండి. మీ జిల్లాలోని తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) దిగినప్పుడు దూరం నుంచి బైనాక్యులర్‌తో లెక్కపెట్టి తేదీ, సమయం రాసుకుంటే ఏ జంతువునూ పట్టే పనే లేదు. జనవరి నుంచి మీ తీరంలోనే తాబేళ్ల గుడ్లను కాపాడే హేచరీలు నడుస్తాయి. ఫారెస్ట్ సిబ్బందిని అడిగి అక్కడ చేరితే, గుడ్లను చేత్తో ముట్టుకునే అవకాశం కూడా చట్టబద్ధంగానే వస్తుంది.

ఉద్యోగాలంటారా, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేసి, సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అర్హతతో గట్టెక్కితే పరిశోధనకు ఫెలోషిప్ వస్తుంది. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం నడిపే వన్యప్రాణి కోర్సులు మంచివే, సీట్లు మాత్రం బహు కొద్ది. దేశంలోని జంతుజాతులను సర్వే చేసే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఒకటి మీకు దూరమేం కాదు, ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో ఉంది. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షా రాయొచ్చు. జీతం త్వరగా చేతికి రావాలంటే మాత్రం ఇది నెమ్మది దారి. ఎమ్మెస్సీ దాకా ఇంట్లో ఆసరా ఇవ్వగలరో లేదో ఈ వేసవిలోనే కూర్చుని మాట్లాడుకోండి. డిప్ప సంగతి మాత్రం రేపే తేల్చేయండి.