సెంటార్ పక్కన నిలవాల్సిన ఇటాలిక్

ప్రశ్న: మా నాన్నగారు ఇంగ్లీషులో రాసుకున్న కవితలను, వాటి తెలుగు అనువాదాలతో కలిపి చిన్న పుస్తకంగా వేయిస్తున్నాం. ఇంగ్లీషు భాగానికి సెంటార్ ఫాంటు ఎంచుకున్నాం. కవితల పేర్లను వర్డ్‌లో ఇటాలిక్ చేస్తే, మంచి పుస్తకాల్లో కనిపించే నాజూకుతనం రాలేదు; అక్షరాలు ఒక పక్కకు ఒరిగినట్టున్నాయి. లోపం ఎక్కడుంది? తెలుగు పేర్లను కూడా అలాగే వాల్చవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చూస్తున్నది అసలు ఇటాలిక్ కాదండీ. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చే సెంటార్‌లో నిటారు రూపం ఒక్కటే ఉంటుంది. లేని ఇటాలిక్‌ను అడిగినప్పుడు వర్డ్ ఆ సంగతి చెప్పదు, ఉన్న నిటారు అక్షరాలనే కుడివైపుకు వాల్చి ఇచ్చేస్తుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. చిన్నబడి (స్మాల్ లెటర్) ఇంగ్లీషు ‘ఎ’ను చూడండి. నిటారు అక్షరంలో పొట్ట మీదికి వంగిన కొమ్ము ఒకటి ఉంటుంది. సెంటార్ వంటి ఫాంటుకు తోడుగా గీసిన ఇటాలిక్‌లో ఆ కొమ్ము ఉండదు, చేత్తో రాసినప్పుడు వచ్చే గుండ్రని పొట్ట, దాని పక్కన గీత మాత్రమే ఉంటాయి. చిన్నబడి ‘ఎఫ్’ కాలు కూడా పంక్తి దాటి కిందికి దిగుతుంది. మీ ప్రూఫులో ‘ఎ’కు కొమ్ము ఉండి, ‘ఎఫ్’ పంక్తి మీదే ఆగిపోయి ఉంటే అది యంత్రం వాల్చిన అక్షరమే.

ఇంత తేడా ఎందుకంటే, ఇటాలిక్ పుట్టింది చేతిరాతలో నుంచి. పదిహేనో శతాబ్దంలో ఇటలీ పండితులు వేగంగా రాసుకోవడానికి అలవరచుకున్న కలం రాతను ఆధారం చేసుకుని వెనిస్‌లో ఫ్రాన్సెస్కో గ్రిఫో అచ్చు అక్షరాలు చెక్కగా, ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ 1501లో ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే పుస్తకంగా, ఆసాంతం ఆ అక్షరాల్లోనే అచ్చువేశాడు. నిటారు అక్షరాల మధ్య ఒక మాటను ఎత్తిచూపడానికి ఇటాలిక్‌ను వాడటం ఆ తర్వాత స్థిరపడిన అలవాటు. చిత్రమేమిటంటే, ఆ వర్జిల్ పుస్తకంలో పెద్దబడి (కాపిటల్) అక్షరాలు నిటారుగానే నిలబడి ఉంటాయి.

మీరు మెచ్చిన సెంటార్‌కు మరో కథ ఉంది. దాన్ని అమెరికా పుస్తక రూపశిల్పి బ్రూస్ రోజర్స్ 1914లో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కోసం, ముద్రాపకుడు నికొలా జెన్సన్ 1470లో వెనిస్‌లో వాడిన అక్షరాలను ముందు పెట్టుకుని గీశాడు. అప్పట్లో దానికి ఇటాలిక్ లేదు. 1929లో అచ్చు అక్షరాలు తయారుచేసే మోనోటైప్ సంస్థ సెంటార్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చినప్పుడు, రోజర్స్ తాను ఇటాలిక్ గీయకుండా ఫ్రెడరిక్ వార్డ్ 1925లో తయారుచేసిన ‘అరీగి’ అనే ఇటాలిక్‌ను తోడు తెచ్చుకున్నాడు. పోపు కార్యాలయంలో లేఖకుడిగా పనిచేసి, 1522 నాటి ‘లా ఓపెరీనా’ అనే చేతిరాత పాఠాల పుస్తకంతో పేరు తెచ్చుకున్న లుడోవికో అరీగి, 1524 నుంచి రోములో తన సొంత అక్షరాలతో పుస్తకాలు అచ్చువేశాడు. వార్డ్‌కు నమూనా ఆయన అక్షరాలే. వాలు స్వల్పంగా, అక్షరం సన్నగా, పై కొమ్ములు పొడవుగా ఉండే ఆ అక్షరం సెంటార్ పక్కన ఒదిగిపోతుంది. నిటారు, ఇటాలిక్ రెండూ ఒకరే గీసిన జంటలన్నీ ఇంత బాగా కుదరవని నా అభిప్రాయం.

కనుక మోనోటైప్ వారి సెంటార్ ఇటాలిక్‌ను, అంటే ఆ ‘అరీగి’నే, కొనుక్కోండి. ఖర్చు వద్దనుకుంటే ఇంగ్లీషు భాగమంతా ఈబీ గారమాండ్ అనే ఫాంటులోకి మార్చండి. అది ఉచితం, అందులో అసలైన ఇటాలిక్ ఉంది. నిటారు సెంటార్‌కు గారమాండ్ ఇటాలిక్‌ను జతచేసే పని మాత్రం పెట్టుకోవద్దు. పేరంతా పెద్దబడిలో వేయకండి, వంపు తోకల అలంకార అక్షరాలుంటే పేరుకు మొదటి అక్షరంగా ఒక్కటి చాలు. నాలుగైదు పంక్తుల కవితనైతే మొత్తం ఇటాలిక్‌లో వేసినా ముచ్చటగానే ఉంటుంది, పేజీలకు పేజీలు అలా వేస్తే కన్ను అలసిపోతుంది.

ఇక తెలుగు పేర్లను వాల్చకండి. మన లిపికి ఇటాలిక్ వంటి రెండో రూపం సంప్రదాయంలో లేదు, కాబట్టి కంప్యూటర్ చేసేది ఉత్త వంచడమే. వంచినప్పుడు పంక్తికి పైనున్నది కుడికి, కిందున్నది ఎడమకు జరుగుతుంది. ‘లక్ష్మి’ అని వేసి చూడండి: గుడి ఒక పక్కకు, కింద వేలాడే మవత్తు మరో పక్కకు పోయి, అక్షరం నడుము విరిగినట్టు కనిపిస్తుంది. పేరును ఒంటి కొటేషన్లలో పెట్టినా, కాస్త బొద్దు అక్షరాల్లో వేసినా సరిపోతుంది.

ప్రశ్న: ఒక ఆహ్వానపత్రికను సెంటార్ ఇటాలిక్‌లో వేస్తే స్క్రీన్ మీద బాగుంది గానీ, ఆఫ్‌సెట్‌లో గీతలు తెగిపోయాయి. కారణమేమిటి?
— ఒక డీటీపీ ఆపరేటర్, కరీంనగర్

జవాబు: సీసం అక్షరాన్ని కాగితం మీద అదిమితే సిరా కొద్దిగా పాకి గీత లావెక్కేది. సెంటార్‌ను ఆ లెక్కతోనే గీశారు. డిజిటల్ రూపంలోకి వచ్చేసరికి ఆ అదనపు లావు లేకపోవడంతో గీతలు మరీ పలచబడ్డాయి. పన్నెండు పాయింట్లకు తగ్గకుండా, నునుపైన కాగితం మీద, ఒకే ముదురు రంగు సిరాతో వేయండి. నాలుగు రంగుల చుక్కలతో కలిపిన గోధుమరంగో, ముదురు నేల మీద తెల్ల అక్షరాలో అయితే ఈ ఫాంటును మానుకోవడమే నయం.