స్కేలు వచ్చింది, బ్లూస్ రావడం లేదు అన్నవారికి

శ్రీకాకుళం నుంచి మీరు రాసిన ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెండేళ్లుగా 61 కీల కీబోర్డు వాయిస్తున్నారు, కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి నొక్కడం) వచ్చు, బ్లూస్ అనే అమెరికా సంగీతపు స్కేలు, అంటే స్వరాల వరుస, చూడకుండా వాయిస్తారు. కానీ సొంతంగా ఏదైనా అల్లబోతే మాత్రం మేడ మెట్లు ఎక్కి దిగుతున్నట్టే ఉంటోంది. ఇంకా ఏ స్కేళ్లు నేర్చుకోవాలి అని అడిగారు.

ఏమీ నేర్చుకోవద్దు. వచ్చినవాటిలోనే సగం కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నేనూ అక్కడే ఇరుక్కున్నాను కాబట్టి కాస్త చనువుగా చెప్తున్నాను. మాది విజయనగరం, గంటస్తంభానికి నాలుగు అడుగుల దూరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు కదా, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తున్న ఊరు. పిల్లాడికి సంగీతం చెప్పిద్దాం అనుకుంటే మా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఫిడేలే. నేను ఆరేళ్లు నేర్చుకుని, డిగ్రీలో ఆర్కెస్ట్రా పిచ్చి పట్టి కీబోర్డుకి మారిపోయాను. బ్లూస్ జోలికి వెళ్లేసరికి ముప్పై దాటాయి.

మొదట్లో చాలా తేలిగ్గా కనిపించింది. సీ ని సా అనుకోండి. బ్లూస్ స్కేలు అంటే సా, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. అందులో ప్రతి మధ్యమం తీసేస్తే మిగిలేది మన శుద్ధ ధన్యాసి రాగం. ఇంకేముంది, పాత విద్యే కదా అని రెచ్చిపోయి వాయించాను. గిటార్ వాయించే స్నేహితుడు ఓపిగ్గా అంతా విని, "బానే ఉంది గానీ, శ్రీరామనవమి పందిట్లో కూర్చున్నట్టుంది" అన్నాడు.

వాడన్నది నిజమే. స్వరాలు అవే అయినా బ్లూస్ రుచి స్వరాల మధ్య ఉంటుంది. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కష్టజీవుల గొంతుల్లో పుట్టిన పాట అది. ఆ గొంతుల్లో గాంధారం సాధారణానికీ (కీబోర్డు మీద ఈ ఫ్లాట్) అంతరానికీ (ఈ) మధ్య ఎక్కడో ఊగుతూ ఉంటుంది. గిటార్ వాళ్లు తీగ లాగి అక్కడికి వెళ్తారు, ఫిడేలు మీద వేలు జార్చినా చాలు. పియానోకి ఆ చోటే లేదు. ఈ ఫ్లాట్ (E♭) ఉంది, పక్కన ఈ (E) ఉంది, మధ్యలో గోడ. స్వరాన్ని ఊపే గమకంతో పెరిగిన నాకు ఇది ఊపిరాడనట్టు ఉండేది.

పియానో వాళ్లు దీనికి ఓ చిన్న మోసం కనిపెట్టుకున్నారు. చూపుడు వేలు ఈ ఫ్లాట్ మీద, అంటే ఆ నల్ల కీకి కుడి అంచున పెట్టండి. నొక్కిన మరుక్షణం అదే వేలిని పక్కనున్న తెల్ల కీ మీదకి జార్చండి. వేలు ఎత్తకూడదు. అరుగు మీద నుంచి కాలు జారినట్టు అది దానంతటదే పడాలి. మొదటి స్వరం వినపడీ వినపడనట్టు ఉండాలి. ఎఫ్ షార్ప్ నుంచి జీకి కూడా ఇలాగే. ఈ రెండు జారుళ్లు వస్తే చెవికి మధ్య స్వరం విన్న భ్రమ కలుగుతుంది. నాకు దాదాపు రెండు నెలలు పట్టింది, అదీ రోజూ పది నిమిషాల చొప్పున. కీబోర్డుకి ఎడమ పక్కన స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది కదా, అది ముట్టుకోకండి. ముట్టుకుంటే ఈ వేలి పని ఎప్పటికీ రాదు. (నేను ముట్టుకున్నాను. అందుకే రెండు నెలలు.)

ఎడమ చేతి సంగతి. మీరు మూడు వేళ్లతో పూర్తి కార్డ్స్ పట్టుకుంటున్నారని అనుకుంటున్నాను. రెండు వేళ్లు చాలు. సీ సెవెంత్‌కి మిడిల్ సీ (కీబోర్డు మధ్యలో ఉండే సీ) కింద ఉన్న ఈ, బి ఫ్లాట్. ఆ రెండు వేళ్లనూ అలాగే అర స్వరం కిందికి దింపితే ఈ ఫ్లాట్, ఏ. అదే ఎఫ్ సెవెంత్. మొదటి చోటు నుంచి అర స్వరం పైకి జరిపితే ఎఫ్, బి. అది జీ సెవెంత్. బ్లూస్‌కి కావలసిన మూడు కార్డ్స్ చేయి పెద్దగా కదపకుండానే దొరికిపోయాయి. సా, మా, పా అనే మూల స్వరాలు బేస్ గిటార్ వాళ్ల పని. ఒంటరిగా వాయించేటప్పుడు చెవి వాటిని తనే ఊహించుకుంటుంది. ఇది తెలిసిన రోజు రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒంటి గంట దాకా ఎడమ చేయి ఒక్కటే వాయించాను, మా ఆవిడ లేచొచ్చి కీల చప్పుడుకి నిద్ర పట్టట్లేదు అనేవరకూ.

ఇందులోనే ఇంకో కిటుకు కూడా ఉంది. ఎఫ్ సెవెంత్‌లో ఈ ఫ్లాట్ ఉంది, చూశారా. కాబట్టి కార్డు ఎఫ్‌కి మారినప్పుడు కుడి చేతిలో అంతర గాంధారం మీద నిలబడకండి, సాధారణం మీదే ఉండండి. సీకి తిరిగొచ్చాక మళ్లీ అంతరానికి జారండి. ఈ ఒక్క మార్పు చేస్తే చాలు, స్కేలు చదువుతున్నట్టు కాకుండా కార్డుతో పాటు నడుస్తున్నట్టు వినిపిస్తుంది.

ఇక లెక్క. నన్నడిగితే చాలామంది దెబ్బ తినేది స్వరాల దగ్గర కాదు, ఇక్కడే. బ్లూస్ చుట్టు 12 బార్లు, బార్‌కి 4 బీట్లు, మొత్తం 48. మనకి ఆది తాళం ఒక ఆవర్తనం 8 అక్షరాలు కాబట్టి, చుట్టు అంటే సరిగ్గా ఆరు ఆవర్తనాలు. మొదటి రెండూ సీ. మూడోది ఎఫ్. నాలుగోది మళ్లీ సీ. అయిదో ఆవర్తనంలో లఘువు (మొదటి నాలుగు అక్షరాలు) జీ, రెండు ద్రుతాలూ (మిగతా నాలుగు) ఎఫ్. ఆరోదానిలో లఘువు సీ, ద్రుతాలు జీ, అది మళ్లీ మొదటికి తోసేస్తుంది. నడక మాత్రం తిశ్రం, ప్రతి బీట్ లోపలా మూడు. ముందు కీబోర్డు ఆపేసి, తొడ మీద తాళం వేస్తూ కార్డు పేర్లు పైకి అనండి. మెట్రోనోమ్ (బీట్లు కొట్టే యంత్రం) నిమిషానికి 72 దగ్గర పెడితే చుట్టు 40 సెకన్లలో పూర్తవుతుంది. బస్సులో కూడా చేయొచ్చు, పక్కవాళ్లు కచేరీ విద్వాంసులు అనుకుంటారు.

ఈ లెక్క ఒంట్లోకి ఎక్కకముందే నేను స్టేజి ఎక్కాను. కంటోన్మెంట్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. భోజనాలప్పుడు ఏదైనా మెల్లగా వాయించమన్నారు, సరే బ్లూస్ అన్నాను. రెండో చుట్టులో వేళ్ల మీద మోజుతో లెక్క వదిలేసి ఒక బార్ ముందే జీకి వెళ్లిపోయాను. బేస్ అబ్బాయి సీలోనే ఉన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఒకేసారి ఆపేశాం. ఆ నిశ్శబ్దంలో వడ్డన దగ్గర నుంచి ఒక పెద్దావిడ గొంతు: "ఏటమ్మా, కరెంటు పోనాదేటి?"

అందుకే ఆటోమేటిక్ రిథమ్ పెట్టుకుని సాధన చేయొద్దంటాను. మీరు తప్పినా అది మర్యాదగా సర్దేస్తుంది. మనుషులు సర్దరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, సొంతంగా ఏం వాయించాలన్నది. ఒక వారం పాటు కుడి చేతికి రెండే స్వరాలు ఇవ్వండి, జీ, సీ. నవ్వకండి. అమెరికా జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్ 'సీ జామ్ బ్లూస్' పల్లవి మొత్తం ఆ రెండింటితోనే నడుస్తుంది. స్వరాలు రెండే అయినప్పుడు దాక్కోవడానికి చోటుండదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఎంత గట్టిగా నొక్కాలి, మీ దగ్గర మిగిలేవి ఇవే. రెండో వారం ఈ ఫ్లాట్ నుంచి ఈకి జారుడు కలపండి. నిషాదం తర్వాత ఎప్పుడైనా.

ఆపడం అన్నాను కదా, దాని గురించి కొంచెం. మన వైపు జముకుల కథ వినే ఉంటారు. కథకుడు ఒక మాట పాడి ఆపుతాడు, వంతలు అందుకుంటారు. బ్లూస్ పాట కట్టుబడీ అలాంటిదే. మూడు పాదాలు. మొదటిదాన్నే రెండోసారి పాడతారు, మూడోది దానికి జవాబు. ఒక్కో పాదానికి నాలుగు బార్లు, అందులో గొంతు తీసుకునేది దాదాపు రెండు. మిగతా రెండూ వాద్యం వంతు. మీరు ఒక్కరే కాబట్టి కథకుడూ మీరే, వంతా మీరే. రెండు బార్లు వాయించండి, రెండు బార్లు కుడి చేయి ఒళ్లో పెట్టుకోండి. అదే మాట మళ్లీ వాయించండి, మళ్లీ ఆగండి. తర్వాత జవాబు. నాకు ఆ ఖాళీ రెండు బార్లూ భయంకరంగా ఉండేవి, ఏదో మర్చిపోయినట్టు టెన్షన్. చిన్నప్పుడు మా ఫిడేలు మాస్టారు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో నేను ఊపిరి తీసుకోకుండా పరిగెడుతుంటే కమాను పట్టుకుని ఆపేవారు. "ఏటిరా అది, చెప్తున్నావా, చదివేస్తున్నావా?" అనేవారు. మీ మేడ మెట్ల బాధ కూడా ఇదే అనిపిస్తోంది.

ఖాళీలో ఏం చేయాలో తోచకపోతే జవాబు నోటితో పాడండి, గొంతు ఎలా ఉన్నా పర్వాలేదు. పాడింది వేళ్లతో వెతుక్కోండి. వినడానికైతే బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో పియానో వాయించిన ఓటిస్ స్పాన్‌ని వినండి. ఒక్క ముక్క ఎంచుకుని, యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించి, నాలుగు బార్లు చెవితో పట్టండి. నలభై పాటలు వినడం కంటే ఈ నాలుగు బార్లు ఎక్కువ నేర్పుతాయి.

చివర్లో, ఎఫ్‌లో అంటే ఎఫ్‌ని సా అనుకుని, మొదలుపెట్టొచ్చా అన్నారు. ముందు సీ, తర్వాత జీ. ఈ రెండింటిలోనూ జారుళ్లు నల్ల కీ నుంచి తెల్ల కీకే పడతాయి. ఎఫ్‌లో రెండో జారుడు బి నుంచి సీకి, తెల్ల నుంచి తెల్లకి. అక్కడ వేలు జారదు, రెండు వేళ్లు వాడాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతి మార్చేది) నొక్కి అన్నీ సీలోనే వాయించే అలవాటు మా ఆర్కెస్ట్రా వాళ్లందరికీ ఉంది, నాతో సహా. మీకు ఇంకా అంటుకోకపోతే ఆ బటన్ మీద ఒక స్టిక్కర్ అంటించేయండి.