అడగండి చెప్తాం: బల్ల చేయిస్తున్నాం, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ ఒకటి, సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకుని చేత్తో చేసే ఒకావిడ దగ్గర చేయించుకుందామని అనుకుంటున్నాం. ఆవిడేమో సగం డబ్బు ముందే ఇవ్వాలి, మూడు నెలలు పడుతుంది అంటున్నారు. మావారేమో షోరూమ్‌లో ఇలాంటిదే సగం రేటుకి దొరుకుతుంది కదా అంటున్నారు. ఇదంతా మామూలేనా? ఒప్పుకునే ముందు ఏం అడగాలో చెప్పండి.

జవాబు: మామూలేనండి. ఒక్క మనిషి పని, చెక్క కొనాలంటే మీ అడ్వాన్సే పెట్టుబడి, పైగా మీ గది కొలతలకి చేసిన బల్లని మధ్యలో మీరు వద్దంటే ఇంకెవరు కొంటారు చెప్పండి. అలాగని మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకండి. మూడు భాగాలు చేసుకోవడం మంచిది: మొదలుపెట్టేటప్పుడు కొంత, బిగింపు అయ్యి పాలిష్ ఎక్కకముందు కొంత, ఇంటికొచ్చాక మిగతాది. ఆ మధ్య వాయిదాకి మాత్రం స్వయంగా వెళ్ళి చూడండి, ఎందుకంటే పాలిష్ పడ్డాక పగుళ్ళూ, పుట్టీ పెట్టి పూడ్చిన చోట్లూ అంత తేలిగ్గా కనపడవు.

మీవారి రేటు లెక్క గురించి ఒక మాట. షోరూమ్‌కి వెళ్ళినప్పుడు బల్ల పైన కాదు, కింద దూరి చూడమనండి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన బోర్డు) మీద వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, అతికించారా, లేక నిజం పలకలా అన్నది అక్కడే తెలుస్తుంది. వెనీర్ అంటే మోసమేం కాదు, ప్లైవుడ్ అయితే పలక కన్నా తక్కువ వంకర పోతుంది కూడా, కానీ ఆ రేటునీ ఈ రేటునీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక అడగాల్సినవి. చెక్కలో తేమ ఎంత ఉంది అని అడగండి. రెండు సూదులున్న చిన్న మీటర్ ఉంటుంది, చెక్కకి గుచ్చితే శాతం చూపిస్తుంది, ఇంట్లో వాడే ఫర్నిచర్‌కి సుమారు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. తర్వాత అసలు ప్రశ్న: పైపలక కదలడానికి ఏం ఏర్పాటు చేస్తున్నారు? చెక్క చచ్చినా ఊరుకోదండి, గాల్లో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, అదీ పొడవులో దాదాపు ఏం ఉండదు, అంతా వెడల్పులోనే. మీటరు వెడల్పు బల్ల సీజన్ మారేసరికి కొన్ని మిల్లీమీటర్లు కదలొచ్చు. దాన్ని కింద ఫ్రేమ్‌కి కదలకుండా జిగురూ స్క్రూలూ వేసి బిగించేశారనుకోండి, ఏదో ఒక రోజు ఠప్పున చీలుతుంది. అందుకే స్క్రూ బెజ్జాన్ని కోలగా తొలవడమో, పలక జరిగేలా చిన్న చెక్క బిళ్ళలు పెట్టి పట్టించడమో చేస్తారు. ఈ ప్రశ్న అడగ్గానే ఆవిడ కళ్ళు మెరిసి అరగంట క్లాస్ పీకారంటే హాయిగా అడ్వాన్స్ ఇచ్చేయండి. "మా పని పగలదండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకోసారి ఆలోచించండి.

కొలతలు. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ సీటు 45 దగ్గర ఉంటే చాలామందికి సరిపోతుంది, మనిషికి పక్కలకి 60 సెంటీమీటర్లు ఇవ్వాలి. ఇవి పుస్తకం లెక్కలు, మీ ఇంట్లో బాగా పొడుగువాళ్ళున్నా పొట్టివాళ్ళున్నా ముందే చెప్పండి. అన్నిటికన్నా ముందు పాత న్యూస్‌పేపర్లు అంటించి బల్ల సైజులో నేల మీద పరిచి, చుట్టూ కుర్చీలు వేసి, కూర్చుని, వెనక్కి జరిగి లేచి చూడండి. మనిషి వెనక ఇంకో మనిషి నడిచే చోటుందా లేదా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంట్లోకి ఎలా వస్తుందో కూడా చూసుకోండి: గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్ట్. ఇది నా సొంత బాధ. 240 సెంటీమీటర్ల ఎత్తు, 40 లోతు ఉన్న పుస్తకాల బీరువా చేయించుకున్నా, మా సీలింగ్ 242, రెండు సెంటీమీటర్లు మిగుల్తాయిలే అనుకుని తెగ సంబరపడ్డా. పడుకోబెట్టి తెచ్చారు, నిలబెడుతుంటే మూల వెళ్ళి సీలింగ్‌కి ఆనింది! లేపేటప్పుడు మూల నుంచి మూలకి కొలత అడ్డొస్తుంది, అది 243 పైచిలుకు. చేసినాయన తప్పేం లేదు, నేనిచ్చిన కొలతే. ఆయన పాపం అక్కడే కింద అంచు కోశారు, నేను పక్క గదిలో కూర్చుని ఆ రంపం చప్పుడు విన్నా.

అనుకున్నవన్నీ, అంటే ఏ చెక్క, ఏ కొలత, ఏ పాలిష్, ఎప్పటికి, తెచ్చి దించే ఖర్చు ఎవరిది, మధ్యలో మార్పు అడిగితే ఎంత, ఇవన్నీ ఒక్క మెసేజ్‌లో రాసి పంపి ఆవిడ చేత "ఓకే" అనిపించుకోండి. రంపం పడకముందు మార్పంటే ఫోన్ కాల్‌తో అయిపోతుంది, పడ్డాక మళ్ళీ చెక్క కొనాలి.

ప్రశ్న: పోయిన మా అమ్మమ్మ బొమ్మ ఆయిల్ పెయింటింగ్ వేయిస్తున్నాను. నా దగ్గరున్నది ఒక్క పాస్‌పోర్ట్ సైజు ఫోటో. ఆర్టిస్ట్ పెన్సిల్ స్కెచ్ పంపారు, పోలిక ఉంది కానీ అమ్మమ్మలా లేదు. చెబితే ఏమనుకుంటారో అని బాగుందండి అనేశాను.

జవాబు: అయ్యో, ఇవాళే చెప్పేయండి. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది కదా, ఇక్కడ రాయలేను. స్కెచ్ పంపేదే మీరు దిద్దమంటారని. పెన్సిల్ గీత చెరపడం వాళ్ళకి నిమిషం పని, రంగు పడ్డాక దవడ మార్చమంటే మళ్ళీ మొదటికి. అయితే "అమ్మమ్మలా లేదు" అంటే ఆయనకేం అర్థమవుతుంది? ఫలానా అని చెప్పాలి: నవ్వితే ఒక కన్నే చిన్నదయ్యేది, తల కొంచెం ఎడమకి వాల్చేది, చెవి దగ్గర జుట్టు ఎప్పుడూ ఊడి ఉండేది, ఇలా. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫోటోలో ముఖం చదునుగా వస్తుంది, అందులో లేనిది ఆర్టిస్ట్ ఎక్కణ్ణుంచి తెస్తారు. పెళ్ళి గ్రూప్ ఫోటోల్లో మూలన ఉన్నా సరే, పక్కకి తిరిగినవీ బ్లర్ అయినవీ అన్నీ పంపండి. స్కెచ్‌ని చుట్టాల గ్రూప్‌లో మాత్రం పెట్టకండి, తలో మాట అంటారు, చివరికి ఎవరి అమ్మమ్మో తయారవుతుంది. ఆవిణ్ణి బాగా ఎరిగినవాళ్ళు ఒక్కరికి చూపించండి చాలు.

ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఎన్నో దాన్నుంచి డబ్బు అన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. ఈ గొడవ ఇప్పటిది కాదు. 1876లో లండన్‌లో లేలాండ్ అనే షిప్పింగ్ వ్యాపారి తన భోజనాల గదిలో కాస్త రంగుల మార్పులు చేయమంటే విస్లర్ అనే చిత్రకారుడు ఆయన ఊళ్ళో లేనప్పుడు గదంతా నెమళ్ళతో బంగారు రంగుతో నింపేసి రెండు వేల గినీలు (గినీ అంటే అప్పటి లెక్కలో పౌండు కన్నా కాస్త ఎక్కువ) అడిగాడు. లేలాండ్ సగమే ఇచ్చాడు, అదీ గినీలు కాదు పౌండ్లు, అంటే ఇంకాస్త తక్కువ. విస్లర్ ఊరుకుంటాడా, కొట్టుకుంటున్న రెండు నెమళ్ళని గోడ మీద వేసి ఒకదాని కాళ్ళ దగ్గర నాణేలు గీశాడు. ఆ గది ఇప్పుడు వాషింగ్టన్‌లో మ్యూజియంలో ఉంది, జనం వెళ్ళి ఆ గొడవ చూసొస్తున్నారు.

ఇంకోటి, ఆయిల్ రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. చివరి వార్నిష్ ఆరు నెలలాగి వేస్తామంటే అది సాకు కాదు, పద్ధతి.

ప్రశ్న: డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌ని మా కొట్టు కవర్ల మీద ప్రింట్ చేయించుకోవచ్చా?

జవాబు: అడక్కుండా వద్దు. బొమ్మ మీదే, కానీ కాపీలు తీసే హక్కు వేరే విషయం, కొన్ని దేశాల చట్టంలో అది వేయించుకున్నవాళ్ళది, చాలాచోట్ల రాతపూర్వకంగా ఇస్తే తప్ప గీసినవాళ్ళదే. కవర్ల సంగతి ముందే చెప్పి, ఎన్ని ముద్రిస్తారో ఎక్కడ వాడతారో రాయించుకుని, దానికి వేరే కొంత ఇవ్వండి. వేరే ఆర్టిస్ట్ బొమ్మ పంపి "అచ్చం ఇలాగే వేయండి" అనడం కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది.

ప్రశ్న: చేయించుకున్న బల్లకి ఏడాదికోసారి లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పట్టించమన్నారు. ఇంట్లో మేమే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి, లేకపోతే జిడ్డుగా ఉండిపోతుంది. తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఎవరూ అంటించకుండానే గుడ్డలకి నిప్పంటుకోవచ్చు. బయట ఒక్కో గుడ్డా విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.