అమ్మ ఇల్లు అన్నయ్యకు రాసిచ్చింది, ఇప్పుడు ఆయన అమ్మను మాతో ఫోన్లో కూడా ఒంటరిగా మాట్లాడనివ్వడం లేదు

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నాన్న పోయాక ఉన్న ఒక్క ఇల్లూ 2016లో అన్నయ్య పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసింది. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది గానీ ఏటీఎం కార్డు అన్నయ్య దగ్గరే ఉంటుంది. నేను ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి మాట్లాడిస్తారు. మొన్న వెళ్లినప్పుడు అమ్మ జబ్బ మీద కమిలిన మచ్చలు కనిపించాయి. అడిగితే బాత్రూంలో జారిపడ్డానంది. కేసు మాత్రం వద్దంటుంది, పరువు పోతుందట. నేను ఏమైనా చేయగలనా?

జవాబు: చేయగలరు. అయితే ముందు అమ్మతో ఒంటరిగా మాట్లాడాలి, అన్నయ్య, వదిన పక్కన లేకుండా. గుడికో, కంటి డాక్టర్ దగ్గరికో తీసుకెళ్తున్నానని చెప్పి బయటికి తీసుకురండి. జారిపడితే సాధారణంగా మోచేయి, మోకాలు, తుంటి, నుదురు దెబ్బ తింటాయి. జబ్బ లోపలి వైపు వేళ్ల అచ్చుల్లా కమిలిందంటే ఎవరో గట్టిగా పట్టుకుని గుంజారేమోనని అనుమానించాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, దెబ్బలు ఎలా తగిలాయో అమ్మ నోటితోనే చెప్పించి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టర్ దెబ్బలు నమోదు చేసే రికార్డు) రాయించండి. తేదీ కనబడేలా ఫొటోలు తీసుకోండి.

వేధింపు అంటే కొట్టడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. వకీలుగా నా దగ్గరికి వచ్చే కేసుల్లో దెబ్బల కంటే ముందు బ్యాంకు పాస్‌బుక్కే విషయం బయటపెడుతుంది. పెన్షన్ పడిన రోజే మొత్తం డ్రా అయిపోవడం, అదే సమయంలో బీపీ మాత్రలు అయిపోయి పది రోజులైనా ఎవరూ తేకపోవడం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మను బ్యాంకుకు తీసుకెళ్లి పాత కార్డు బ్లాక్ చేయించి, ఖాతాకు లింకైన ఫోన్ నంబరు మార్పించండి. దీనికి కోర్టు అక్కర్లేదు, ఆమె సంతకం చాలు.

ఇక చట్టం సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దీని కింద దరఖాస్తు ట్రిబ్యునల్‌లో, అంటే మన దగ్గర ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. అమ్మ స్వయంగా వెళ్లలేకపోతే ఆమె అధికారమిచ్చిన మనిషి వేయొచ్చు, కాబట్టి మీ పేర ఒక అధికార పత్రం రాయించుకోండి. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, అవసరమైతే మరో 30 రోజులు తీసుకోవచ్చని చట్టంలో ఉంది. ట్రిబ్యునల్‌లో వకీళ్లు వాదించకూడదని 17వ సెక్షన్ అంటుంది (కొన్ని హైకోర్టులు దీనికి భిన్నంగా తీర్పులిచ్చాయి), అయినా మాకు ఫీజు ఇవ్వకుండానే దరఖాస్తు వేసుకోవచ్చు, నిజంగానే.

ఇల్లు వెనక్కి వస్తుందా అన్నదే అసలు చిక్కు. చట్టం వచ్చాక రాసిన గిఫ్ట్‌ను 23వ సెక్షన్ కింద రద్దు చేయమని అడగొచ్చు, కానీ నన్ను చూసుకోవాలనే షరతు మీద ఇచ్చానని చూపించగలగాలి. మన దస్తావేజుల్లో ఎక్కువగా ప్రేమాభిమానాలతో ఇచ్చితిని అన్న మూస వాక్యమే ఉంటుంది, షరతు ఊసే ఉండదు. 2022లో సుప్రీంకోర్టు షరతు రుజువు కావాల్సిందేనంది. 2025 జనవరిలో అదే కోర్టు ఇంకొక కేసులో, గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు రాసిచ్చిన విడి హామీ పత్రాన్ని కూడా కలిపి చదివి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అందుకే దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చి ప్రతి లైనూ చదవండి, అప్పట్లో రాసుకున్న కాగితం ఇంకేదైనా ఉందేమో వెతకండి. అవేవీ చూడకుండా ఇల్లు వచ్చేస్తుందని నేను చెప్పలేను.

కేసు అనగానే అమ్మ భయపడేది కొడుకు జైలుకు పోతాడని. ట్రిబ్యునల్ విచారణకు ముందు రాజీ అధికారికి పంపించే వీలుందని ఆమెకు చెప్పండి, చాలావరకు మెత్తబడతారు. కొట్టడం, గదిలో బంధించడం లాంటివి నేరాలే, వాటికి పోలీసులు వేరుగా కేసు కట్టవచ్చు. అమ్మ మహిళ కాబట్టి గృహహింస చట్టం కింద కూడా రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అమ్మ మతిస్థిమితంతో ఉండి, తనంతట తానే వద్దంటే ఆమె మాట తోసేసి మీరు దరఖాస్తు వేయకూడదు, కానీ ప్రాణానికి ముప్పు అనిపించిన క్షణాన మాత్రం ఎవరినీ అడగకుండా 112కి ఫోన్ చేయండి. సలహా కోసమైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

మీరు వినడానికి ఇష్టపడని మాట ఒకటి ఉంది. ఈ చట్టంలో పిల్లలంటే కూతుళ్లు కూడా. మీ అన్నయ్య నోటీసు అందగానే మిమ్మల్నీ పార్టీగా చేర్చమని అడగవచ్చు, ఆ హక్కు ఆయనకుంది. అమ్మకు నెలనెలా మీరేం ఇవ్వగలరు, ఎక్కడ ఉంచగలరు అన్నది దరఖాస్తు వేసే ముందే ఇంట్లో మాట్లాడుకుని పెట్టుకోండి.