ముందు అత్తయ్యగారి మంచం వేయండి

ప్రశ్న: మావారు హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరి నెలైంది. మే నెలాఖరుకల్లా నేను, ఏడో తరగతికి వచ్చే పాప, 74 ఏళ్ల అత్తయ్య విజయవాడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లాలి. ఈ ఇంట్లోకి వచ్చి 22 ఏళ్లు. మామగారు పోయిందీ ఇక్కడే. ఏ సామాను తీసేద్దామన్నా అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పగలు నేను సర్దినవి రాత్రి విప్పేస్తున్నారు. ప్యాకర్స్ వాళ్లే అంతా చూసుకుంటారని మావారు తేల్చేస్తున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు, పాప మీద ఊరికే అరుస్తున్నాను.

జవాబు: ఏ వస్తువు ఏ అట్టపెట్టెలోకి వెళ్లిందో అత్తయ్యగారికి తెలియదు. మళ్లీ కంటపడుతుందన్న నమ్మకమూ లేదు. అందుకే విప్పి చూసుకుంటున్నారు. ముందు ఒక ట్రంకు పెట్టె ఆవిడకే ఇచ్చేయండి. మామగారి కళ్లజోడు, ఆగిపోయిన గడియారం, చిరిగిన పంచె, ఏది పెట్టుకున్నా ఎవరూ ఎందుకని అడగొద్దు. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండాలి.

ఏరివేత అటక మీద నుంచి మొదలుపెట్టండి. తుప్పు పట్టిన డబ్బాల మీద ఎవరికీ మమకారం ఉండదు. అదే మామగారి కుర్చీతో మొదలుపెడితే రెండో రోజుకే పని ఆగిపోతుంది. రోజుకు ఒక గంట, టిఫిన్ అయ్యాక, ఒకే అర చాలు. సాయంత్రాలు వద్దు. ఆ వయసులో అలసటతో పాటు తికమకా పెరుగుతుంది. ‘ఇది పారేద్దామా’ అని కాక ‘ఇది ఎవరికిద్దాం’ అని అడగండి. ఇత్తడి గంగాళం కూతురింటికి వెళ్తుందంటే ఆవిడే తోమి ఇస్తారు.

ఇది ఆవకాయ కాలం కూడా. ఈసారి ఇక్కడ పెట్టకండి. నూనె తేలిన జాడీకి ఎంత గట్టిగా వాసెన కట్టినా లారీ కుదుపులకు కారుతుంది, పక్కనున్న బట్టలు పోతాయి. పాత పచ్చడి ఉంటే మూత బిగుతుగా పట్టే సీసాల్లోకి తీసి మీతో తెచ్చుకోండి. ఖాళీ జాడీని పాత దుప్పట్లో చుట్టండి. వెళ్లిన వారంలోనే, వానలు పడకముందే, కాయ తెప్పించి అక్కడ ఆవిడ చేత కలిపించండి. కొత్త వంటింట్లో ఆవిడ చేతికి ఒక పని దొరకడం చాలా మేలు చేస్తుంది.

మీవారి మాట సగమే నిజం. ప్యాకర్స్ సామాను చుడతారు, మోస్తారు. ఏది ఉంచాలో, ఏ గదిలో దించాలో ఇంట్లోవాళ్లే తేల్చాలి. ఆయన ఇప్పటికే అక్కడున్నారు కాబట్టి ఈ పనులు ఆయనకు రాసి పంపండి: తలుపుల వెడల్పు, లిఫ్టు లోపలి కొలతలు (ఇనుప బీరువా చాలా లిఫ్టుల్లో పట్టదు, మెట్ల మీద మోయాలంటే కూలి వేరే అడుగుతారు), సామాను ఏ వేళల్లో దించాలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి, పాప బడి సీటు.

ధర ఫోన్‌లో మాట్లాడుకోవద్దు. ఇంటికొచ్చి సామాను చూసినవాళ్ల దగ్గరే, కనీసం ముగ్గురి దగ్గర, రాతపూర్వకంగా తీసుకోండి. ప్యాకింగ్, ఎక్కింపు, దింపు, అంతస్తు కూలి, టోల్, జీఎస్టీ అన్నీ అందులోనే ఉండాలి. తక్కువ చెప్పి, లారీ కదిలాక ఎక్కువ ఇస్తేనే దించుతామని పేచీ పెట్టేవాళ్లున్నారు. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. వస్తువుల జాబితా మీద సంతకం, లారీ రసీదు తీసుకోండి. బీమా చేయిస్తే మీరు సొంతంగా సర్దిన పెట్టెలకూ వర్తిస్తుందా అని అడగండి, చాలాసార్లు వర్తించదు. నెలాఖరు, శని, ఆదివారాల్లో లారీలకు గిరాకీ ఎక్కువ. లారీ దొరికే నాలుగు తేదీలు అత్తయ్యగారి ముందుంచి, మంచిరోజు ఆవిడనే చూడమనండి.

ఫ్రిజ్ ముందురోజే ఆపి మంచు కరిగించి తుడవండి. నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది. దించాక కనీసం నాలుగు గంటలు ఆగి ఆన్ చేయండి. గ్యాస్ సిలిండర్ లారీలో వేయకూడదు. సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్, వోచర్ తీసుకుంటే ఆ వోచర్‌తో అక్కడ కనెక్షన్ ఇస్తారు. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, పెద్దవాటిలో నింపితే అడుగు ఊడిపోతుంది. బంగారం, దస్తావేజులు, పాప టీసీ, అత్తయ్యగారి 15 రోజుల మందులు, మందుల చీటీ మీ చేతిసంచిలో ఉండాలి.

సామాను ఎక్కించే రోజు, దించే రోజు అత్తయ్యగారు ఆ గోలలో ఉండకూడదు. మూడు రోజులు బంధువుల ఇంట్లో ఉంచండి. లారీ దిగగానే మొదట వేయాల్సింది ఆవిడ మంచం. ఇక్కడ తల ఏ పక్క గోడకు ఉందో, దిగేవైపు ఏదో ఫోన్‌లో ఫొటో తీసుకుని, అక్కడా అలాగే వేయండి. అదే దుప్పటి, అదే గోడ గడియారం. చీకట్లో లేచి పాత అలవాటున తిరిగితే గోడో గడపో తగిలి పడిపోయే ప్రమాదం ఉంది. బాత్రూమ్ దారిలో రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి, తడి నేల మీద జారని పట్టా వేయండి. పాలు ముందే పొంగించినా, దేవుడి పటాలు పెట్టే పని మాత్రం ఆవిడ వచ్చేదాకా ఆపండి.

పాపకు అరిచినందుకు క్షమించమని ఒకసారి చెప్పండి. తన పెట్టె తననే సర్దుకోనివ్వండి, స్నేహితులను ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. మీరు రాత్రి తొమ్మిది తర్వాత సర్దడం మానేయండి. వెళ్లాక రెండు మూడు వారాలైనా నిద్ర కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అత్తయ్యగారు కొత్త ఇంట్లో కొన్ని రోజులు తికమకపడటం మామూలే. ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా మారిన ఇంటి వల్లేనని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో సోడియం తగ్గినా అలాగే ఉంటుంది. అదే రోజు డాక్టరుకు చూపించండి.