ప్రభుత్వం అందరికీ నెలనెలా డబ్బిస్తే జనం ప్రశ్నించడం మానేస్తారా?

"ఊరికే డబ్బొస్తుంటే ఎవరూ నోరెత్తరు, ఓటు కూడా ఇచ్చినవాళ్లకే పడుతుంది" అన్నది మీ అనుమానం. మా అమ్మని చూశాక నాకు ఇది తిరగేసి కనిపిస్తోంది.

మాది విశాఖలో కంచరపాలెం. అమ్మకి వితంతు పింఛను వస్తుంది. కొన్నేళ్ల కిందట ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంట్లో రెండు వాటాలకీ ఒకటే మీటరు. కింద వాటాలో అద్దెకున్నవాళ్లు ఏసీ పెట్టించుకున్నారు, నెల సగటు 300 యూనిట్లు దాటింది. దాంతో రూలు ప్రకారం అమ్మ ఉన్నవాళ్ల లెక్కలో పడింది! ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాం. చివరికి వీధిలో ఓ చోటా నాయకుడు "నేను చెప్తాలే పిన్నీ, పనైపోద్ది" అన్నాడు. రెండో మీటరు పెట్టించిన ఏడు నెలలకి పింఛను మళ్లీ మొదలైంది. మీటరు వల్ల వచ్చిందో, ఆయన మాట వల్ల వచ్చిందో ఇప్పటికీ తెలీదు. అమ్మ మాత్రం ఆయన వల్లే అనుకుంది. ఇక మీటింగ్ ఉందంటే చాలు, మోకాళ్ల నొప్పులతోనే ఆటో ఎక్కేది. ఎందుకమ్మా అంటే, "రాలేదని పేరు తీసేస్తే ఏటి చేస్తావు నువ్వు?" అనేది. వీధి కాలువ కంపు గురించి ఆయన్ని అడగమంటే మాట మార్చేసేది.

అదే మనిషిని బస్సులో చూడాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి సిటీ బస్సు ఫ్రీ. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. ఎన్ని యూనిట్లు కాల్చావని అడగడు. పూర్ణా మార్కెట్ నుంచి కూరల సంచితో వస్తూ, ఆ ఫ్రీ సీట్లోనే కూర్చుని, బస్సులు చాలడం లేదని ప్రభుత్వాన్ని ఎడాపెడా తిడుతుంది. వెనక సీటువాళ్లు కూడా అందుకుంటారు. పింఛనూ ప్రభుత్వానిదే, బస్సూ ప్రభుత్వానిదే. కాకపోతే పింఛనుకి ఒక జాబితా ఉంది, అందులో పేరు కొట్టేయగల చెయ్యి ఉంది. బస్సుకి అది లేదు.

సార్వత్రిక కనీస ఆదాయం, అంటే ఎవరినీ ఏరకుండా అందరికీ ప్రభుత్వం డబ్బివ్వడం, నాకు నచ్చేది అందుకే, పేదరికం సంగతి తర్వాత. కేంద్ర ప్రభుత్వం 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు. మనిషికి ఏడాదికి రూ.7,620 అని లెక్క వేశారు. కానీ అది జనాభాలో 75 శాతానికే. మిగతా 25 శాతం ఎవరో తేల్చాలంటే మళ్లీ జాబితా, మళ్లీ మా మీటరు కథే.

ఫిన్లాండ్‌లో 2017, 2018 రెండేళ్లూ 2,000 మంది నిరుద్యోగులకి నెలకి 560 యూరోలు షరతుల్లేకుండా ఇచ్చారు. ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, తోటి మనుషుల మీద, ప్రభుత్వ సంస్థల మీద నమ్మకం మాత్రం మిగతా నిరుద్యోగుల కంటే వీళ్లలో ఎక్కువ కనిపించింది. (ఫిన్లాండ్ ఎక్కడ, కంచరపాలెం ఎక్కడ అంటారా, నిజమే.)

మీ భయంలోనూ కొంత నిజముంది. అమెరికాలోని అలాస్కాలో చమురు డబ్బుతో పెట్టిన నిధి నుంచి 1982 మొదలుకొని ఏటా అందరికీ పంచుతున్నారు. 2016లో గవర్నర్ బిల్ వాకర్ ఆ పంచే డబ్బుని దాదాపు సగానికి కోశారు. 2018లో పూర్తిగా ఇస్తానన్న మైక్ డన్లీవీ గవర్నర్‌ ఎన్నికలో గెలిచారు. మన దగ్గరైతే ప్రతి ఎన్నికకీ వేలంపాటే. మొత్తం ఎంతో, ఏటా ఎలా పెరగాలో చట్టంలో రాసెయ్యకపోతే ఆ పాట ఆగదు. రేషన్ బియ్యం, ప్రభుత్వాసుపత్రి తీసేసి ఆ డబ్బే చేతిలో పెడతామంటే మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మ ఇప్పటికీ కరెంటు బిల్లు రాగానే ముందు యూనిట్లే చదివించుకుంటుంది, రూపాయలు తర్వాత. రాత్రి పది దాటితే ఫ్రిజ్ ఆపేస్తుంది. పొద్దున్న పాలు విరిగితే తిట్లు నాకు.