శుభలేఖలో గొలుసుకట్టు ఫాంట్ పేర్ల వరకే వాడండి

చెల్లెలి పెళ్లి శుభలేఖ ఇంగ్లీషు వైపు మొత్తం గొలుసుకట్టు అక్షరాల్లో వేయించాలని ఉంది, ఏ ఫాంట్ మంచిది, తెలుగు వైపుకీ అలాంటిది దొరుకుతుందా అని అడిగారు. పాలకొల్లులో చాలా ఏళ్లు డీటీపీ షాపు నడిపాను. మొత్తం అందులోనే మాత్రం వేయించకండి.

ఫాంట్లకేం, బోలెడున్నాయి. ఎడ్ బెంగియాట్ 1994లో గీసిన ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ మన షాపుల్లో బాగా నలిగింది. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో గ్రేట్ వైబ్స్ ఉంది. ఈ రకం అక్షరాలకు మూలం సన్న పాళీ రాత. పాళీని నొక్కి కిందికి లాగితే లావు గీత, తేల్చి పైకి తీస్తే వెంట్రుకంత గీత.

ఆ వెంట్రుక గీతలే నా కొంప ముంచాయి. షాపు పెట్టిన కొత్తలో ఒక రొయ్యల రైతు గారి అబ్బాయి పెళ్లికి 600 కార్డులు వేశాను. పెళ్లికొడుకు పేరు ముందు నాలుగు ఇనీషియల్స్, మన వైపు సంగతి మీకు తెలిసిందే. పేరంతా పెద్ద బడిలో, అంటే క్యాపిటల్ లెటర్స్‌లో కొట్టేశాను. ఈ ఫాంట్లలో పెద్ద అక్షరం పక్కన చిన్న అక్షరాలే వస్తాయనుకుని గీస్తారు. వరసగా పెద్దవే పెడితే కాకరతీగల్లా అల్లుకుపోతాయి. టి ఏదో జె ఏదో పోల్చుకోలేకపోయాం. దానికి తోడు గోల్డ్ ఫాయిల్, అంటే బంగారు రంగు రేకుతో అద్దే అచ్చు. చాలా కార్డుల్లో సన్న గీతలు అసలు పడనే లేదు. "ఏంటండీ ఇది, మావాడి పేరు నేనే చదవలేకపోతున్నాను" అన్నారాయన. మిగతా డబ్బులు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

అందుకని వధూవరుల పేర్లు మాత్రం అందులో వేయించండి, కాస్త పెద్ద సైజులో. ఇనీషియల్స్, ముహూర్తం, వేదిక మామూలు ఫాంట్‌లో ఉండనివ్వండి. అక్షరాల మధ్య ఎడం పెంచితే గొలుసు తెగిపోతుంది, అదొకటి చూసుకోండి.

ఇక తెలుగు. మన అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడవవు. వాటికి ఇంగ్లీషు తోకలు తగిలించిన ఫాంట్లు నాకు నచ్చవు. మన దగ్గర ఆ సొగసు కుంచె రాతలో ఉంది. బాపు గారు మన నరసాపురంలో పుట్టినవారే, ఆయన చేతిరాత పోలికతో చేసిన ఫాంట్లు శుభలేఖకి ఇట్టే అమరుతాయి. పేర్లకి అది, లోపలి మేటర్‌కి మండలి లాంటి సాదా ఫాంట్. వరసల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వమనండి, లేకపోతే "జ్యోత్స్న" కింది ఒత్తులు కింది వరస గుళ్లకి తగులుతాయి. మీరు కార్డు ఇచ్చే షాపులో 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లు వాడుతుంటే, మీరు వాట్సాప్‌లో పంపిన మేటర్ (ఫోన్లలో వాడే యూనికోడ్ పద్ధతిది) వాటిలో నేరుగా పడదు. మళ్లీ కొడతారు, లేదా కన్వర్ట్ చేస్తారు. రెండింట్లోనూ తప్పులు దొర్లుతాయి.

ప్రెస్సుకి పంపేముందు ఫైల్‌ని కర్వ్స్ చేస్తారు, అంటే అక్షరాలను బొమ్మల్లాంటి గీతలుగా మార్చేస్తారు. ఆ తర్వాత అక్షరం దిద్దడం కుదరదు. ఆలోపే అసలు సైజులో ఒక ప్రింటు తీయించి మీ మామ్మగారి చేత చదివించండి.